ఐదు ఫ్రేములు

మన పాత విద్యార్థుల సభ కోసం కాలేజీ జ్ఞాపకాలు రాయమని కమిటీవాళ్ళు మూడోసారి ఫోన్ చేసి, "ఒక్క పేజీ, మించొద్దు" అన్నారు. అడిషనల్ షీట్ల కోసం నేను ఎన్నిసార్లు లేచేవాణ్ణో చూసినవాళ్ళే కనుక ఆ భయం సహజమే. తీరా రాద్దామని కూర్చుంటే మొదటి రెండేళ్ళూ ఒక్క ముక్క గుర్తుకు రావడం లేదు. గుర్తున్నదల్లా ఆఖరి ఏడు మనం తీసిన పాట. అందులోనూ ఆ ఒక్క షాట్.

అదే, మైకుగాడు గ్రౌండ్ అవతలి గోడ దగ్గర్నుంచి పాడుతూ కెమెరా దాకా నడిచొచ్చేది. ముందే రికార్డు చేసిన పాట వినిపించే స్పీకర్, కెమెరా పట్టిన నా కాళ్ళ పక్కనే. లెన్స్ మీద ఎండ పడకుండా గొడుగుగాడు (పేరు అప్పుడే వచ్చింది). పదకొండు టేకులు.

ఎడిటింగ్‌లో చూస్తే కెమెరాలో పడ్డ పాట, అసలు ట్రాక్ రెండింటి వేవ్‌ఫామ్‌లూ (తెర మీద ధ్వనిని చూపే గీతలు) గీతకు గీత కలిశాయి. పెదాలు మాత్రం వెనకబడ్డాయి. "వీడికి తాళం రాదు" అని తేల్చేశాం. వాడు రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

రికార్డులు అడగడానికి వచ్చిన 'ఎందుకని' సార్ తెర ముందే ఆగిపోయారు.

"స్పీకర్ ఎక్కడ పెట్టారు?"

"కెమెరా పక్కన సార్."

"వాడు?"

"గోడ దగ్గర."

"ఎందుకని?"

నన్ను పంపి అంగలు లెక్కపెట్టించారు. దాదాపు 68 మీటర్లు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సుద్దముక్కతో బల్ల మీదే రాశారు: 0.2 సెకను. మనం తీసింది సెకనుకు 25 ఫ్రేములు. "ఐదు ఫ్రేములు. వాడు సరిగ్గానే పాడాడర్రా, మీరే ఆలస్యంగా వినిపించారు. పరీక్షలో అందరూ రాశారు కదా ఇది?" అన్నారు. మైకుగాడి మొహం చూడాలి అప్పుడు!

వెంటనే బొమ్మను ఐదు ఫ్రేములు ముందుకు జరిపాం. గోడ దగ్గర అతికినట్టు కుదిరింది. కానీ వాడు నడిచి వస్తున్నాడాయె. దగ్గరయ్యేకొద్దీ ఆలస్యం తగ్గి, కెమెరా ముందుకొచ్చేసరికి పాటకంటే పెదాలే ముందు పరిగెత్తాయి. చివరికి షాట్‌ను మూడు ముక్కలు చేసి 5, 3, 0 చొప్పున జరిపాం. అతుకులు కనబడకుండా చప్పట్లు ఒకచోట, ఎవరివో చెప్పుల క్లోజప్ ఇంకోచోట ఇరికించాం. ప్రదర్శన రోజు ఆ చెప్పుల్లో గొప్ప ప్రతీక ఉందని పొగిడారు. మనం వినయంగా తలూపాం.

ఇప్పుడు నేను ఎడిటర్ని, నా రోజంతా టైమ్‌లైన్ మీదే. తెర మీద పేరు పడుతుంది, జనం లేచి తలుపు దగ్గరికి చేరాక. అయినా పడుతుంది. కొత్తగా చేరిన పిల్లలు దూరపు షాట్‌కి బయల్దేరితే, స్పీకర్ పాడేవాళ్ళ దగ్గర ఫ్రేములో పడకుండా పెట్టమంటాను. అప్పుడు కెమెరా మైకే ఆలస్యంగా వింటుంది కాబట్టి వేవ్‌ఫామ్‌ను నమ్మితే ఈసారి అటువైపు బోల్తా పడతాం. ప, బ, మ వచ్చినచోట పెదాలు మూతపడే ఫ్రేము వెతికి, దానికి కలపాలి. తెలుగు మేడమ్ బట్టీ పట్టించిన ఓష్ఠ్యాలు నాకు కూడుపెడుతున్నాయంటే ఆవిడే నమ్మరు. "ఎందుకు సార్?" అని ఆ పిల్లలు అడిగితే నేను వెంటనే చెప్పను. "ఎందుకని?" అని తిరిగి అడుగుతాను.

పాట ఉన్న నా హార్డ్ డిస్క్ ఎప్పుడో చచ్చిపోయింది. రెండో కాపీ పెట్టుకోలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే సభ రోజు పట్టుకురండి. గొడుగు నీడ కెమెరా ముందు పడ్డదే కావాలి, సరిచేసింది వద్దు.