దూరదర్శన్ ఏళ్లలో ఇర్ఫాన్ ఖాన్

ఇర్ఫాన్ ఖాన్ కథ చెప్పేవాళ్లు చాలామంది జైపూర్‌లో మొదలుపెట్టి ఒక్క అంగలో హాలీవుడ్‌కు చేరిపోతారు. మధ్యలో ఉన్న పదేళ్ల పైచిలుకు టెలివిజన్ కాలాన్ని "చాలా కష్టాలు పడ్డారు" అన్న ముక్కతో దాటేస్తారు. విజయవాడలో ఒక చిన్న నాటక బృందంతో చాలాకాలంగా కలిసి తిరుగుతున్న నాకు ఆ దాటవేత మింగుడుపడదు. ఆయన నటనలో మనం దేనికైతే ముగ్ధులమయ్యామో, అందులో ఎక్కువ భాగం ఆ చిన్నతెర మీదే రూపుదిద్దుకుందని నా నమ్మకం. అందుకే ఆయన సినిమాల కంటే వాటికి ముందున్న ఏళ్ల గురించే ఎక్కువగా రాయాలనిపించింది.

ఆయన 1967 జనవరి 7న రాజస్థాన్‌లో పుట్టారు, జైపూర్‌లో పెరిగారు. తండ్రిది టైర్ల వ్యాపారం. మన ఆటోనగర్‌లో అలాంటి దుకాణాలు వరుసగా కనిపిస్తాయి; ఇంటి పెద్దకొడుకు చదువు ఎంతవరకు సాగినా చివరకు గల్లాపెట్టె దగ్గర కూర్చోవలసిందేనన్న లెక్క ఆ కుటుంబాల్లో ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ ఇంటికీ పెద్దకొడుకు ఇర్ఫానే. తండ్రికి వేట సరదా ఉండేది. కొడుకు మాత్రం జంతువును చంపడం చూడలేకపోయేవాడు, మాంసం ముట్టేవాడు కాదు. పఠాన్ల ఇంట్లో బ్రాహ్మణుడు పుట్టాడని తండ్రి నవ్వేవారట. ఈ చిన్న విషయాన్ని ఊరికే చెప్పడం లేదు, ముందుముందు దీనితో పని ఉంది.

మొదట ఆయన మనసు క్రికెట్ మీద ఉండేది. ఇరవై మూడేళ్ల లోపు ఆటగాళ్ల సి.కె. నాయుడు టోర్నమెంటుకు ఎంపికై కూడా, ప్రయాణానికి డబ్బు సమకూరక వెళ్లలేకపోయారు. భారత టెస్టు జట్టుకు తొలి కెప్టెన్ అయిన మన తెలుగు కుటుంబపు బిడ్డ పేరిట జరిగే పోటీకి ఆయన చేరలేకపోయారన్న సంగతి చదివినప్పుడు నాకు ఎందుకో చాలాసేపు మరో పని తోచలేదు. ఆ తర్వాత 1984లో ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాలలో సీటు దొరికింది. దాదాపు ఆ రోజుల్లోనే తండ్రి పోయారు. ఇంటి నుంచి డబ్బు వచ్చే దారి మూసుకుపోయింది. పాఠశాల ఇచ్చిన ఉపకార వేతనం లేకపోతే ఆయన మళ్లీ టైర్ల దుకాణానికే వెళ్లవలసి వచ్చేదేమో. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఒక కళాశాల ఒక నటుణ్ని నిలబెట్టిందని ఎవరైనా గట్టిగా చెప్పుకోవచ్చు, చెప్పుకోవాలి కూడా.

పాఠశాలలో చదువు పూర్తవుతున్న దశలోనే మీరా నాయర్ ఆయనను చూసి 'సలాం బాంబే' కోసం ఎంచుకున్నారు. మొదట అనుకున్నది పెద్ద పాత్ర. బొంబాయి వీధి పిల్లలతో కలిసి సాధన కూడా చేశారు. తీరా చిత్రీకరణ దగ్గరపడ్డాక, అందరిలోకీ మరీ పొడుగ్గా కనిపిస్తున్నారన్న కారణంతో ఆ పాత్ర చేజారింది. వీధిలో కూర్చుని చదువురాని వాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టే మనిషిగా కాసేపు కనబడే వేషం మిగిలింది. 1988లో విడుదలైన ఆ సినిమాకు ఆస్కార్ నామినేషన్ వరకు పేరు వచ్చింది. ఆయనకు మాత్రం సినిమాల్లో దారి తెరుచుకోలేదు. ముంబైలో దొరికిన పని టెలివిజన్‌లోనే.

ఆ పని ఎంత విస్తారమైనదో చూడండి. శ్యాం బెనెగల్ నెహ్రూ గ్రంథం ఆధారంగా తీసిన 'భారత్ ఏక్ ఖోజ్'లో ఆయన ఉన్నారు. చంద్రప్రకాశ్ ద్వివేది 'చాణక్య'లో మగధ సేనాపతి భద్రశాలుడు ఆయనే. 'లాల్ ఘాస్ పర్ నీలే ఘోడే' అన్న టెలివిజన్ నాటకంలో లెనిన్‌గా కనిపించారు. మా ఈడు వాళ్లు ఆదివారం పొద్దున టీవీ ముందు నుంచి కదలకుండా చూసిన 'చంద్రకాంత'లో బద్రీనాథ్‌గా, అతని కవల సోదరుడు సోమనాథ్‌గా రెండు వేషాలూ ఆయనే వేశారు. అప్పటికి హిందీ సగమే అర్థమయ్యే మాకు ఆ నటుడి పేరేమిటో తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచనా లేదు. తర్వాత జీ టీవీలో 'బనేగీ అప్నీ బాత్' వచ్చింది. దానికి రాసిన వారిలో నాటక పాఠశాలలో సహాధ్యాయి సుతపా సిక్దర్ కూడా ఉన్నారు. 1995లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది మన దగ్గర జెమిని, ఈటీవీ రావడంతో తెలుగు ఇళ్లలో హిందీ సీరియళ్లు వెనక్కి జరిగాయి. ఇక్కడివాళ్లకు ఆయన మళ్లీ కంటపడటానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ జాబితాలో తెలుగువాళ్లకు అన్నిటికంటే దగ్గరిది 'కహకషాఁ'. అలీ సర్దార్ జాఫ్రీ ఉర్దూ కవుల జీవితాలను దూరదర్శన్ కోసం కూర్చిన ఆ ధారావాహికలో ఇర్ఫాన్ వేసింది మఖ్దూం మొహియుద్దీన్ పాత్ర. మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టి, హైదరాబాద్‌లో కార్మికులను కూడగట్టి, తెలంగాణ సాయుధ పోరాటంలో నిలిచిన కవి మఖ్దూం. ప్రజానాట్యమండలి పాటలు వింటూ పెరిగిన కుటుంబాలు విజయవాడలో నేటికీ ఉన్నాయి, ఆ ఇళ్లలో మఖ్దూం పేరు పరాయి పేరు కాదు. మన నేల మనిషిని జైపూర్ నుంచి వచ్చిన పాతికేళ్ల యువకుడు ఎంత నిబ్బరంగా పలికించాడో నాకు దొరికిన భాగాలు చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. కవిత చదివేటప్పుడు ఆయన ఎక్కడా గొంతు పెంచరు. సభలో ముందు వరుసలో కూర్చున్న ఒక్కరికే చెబుతున్నట్టు ఉంటుంది, అయినా ఆ మాట సభంతటికీ చేరుతుంది.

ఈ లక్షణం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నా ఆలోచన. మేము తుమ్మలపల్లి కళాక్షేత్రంలో గానీ, గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయంలో గానీ నాటకం ఆడినప్పుడు చివరి వరుసలో ఉన్న ప్రేక్షకుడికి మాట వినిపించాలి, చేతి కదలిక కనిపించాలి. పరిషత్తు పోటీల్లో బహుమతి తెచ్చేది కూడా చాలావరకు ఆ నిండైన వాచికమే. రంగస్థలానికి అది అవసరం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ నాటి దూరదర్శన్ తెర చిన్నది, సెట్లు పలుచనివి, దర్శకుడికి చూపడానికి మనుషుల ముఖాలే మిగిలేవి. కెమెరా ముఖం దగ్గరికి వచ్చి నిలబడితే, చేతులూ గొంతూ చేసే పనిని కళ్లూ ఊపిరీ చేయవలసి వస్తుంది. రంగస్థల శిక్షణతో వచ్చిన నటుడు దాదాపు పన్నెండేళ్ల పాటు అలాంటి చట్రంలో ఉండిపోతే, ఏది వదిలేయాలో ఒంటికి తెలిసిపోతుంది. తెర మీద చుట్టూ ఉన్నవాళ్లంతా కేకలు వేసే జానపద కథలో కూడా ఆయన తనకు కావలసిన కొద్దిపాటి జాగాను వెతుక్కున్నారు. ఆ పనితో ఆయన తృప్తిగా లేరన్నది నిజమే. విసుగెత్తి నటనే మానేద్దామనుకున్నట్టు తర్వాత చెప్పారు. మనసుకు నచ్చని పని కూడా చేతికి నేర్పవలసింది నేర్పుతుందని నేను మా బృందంలోని కుర్రాళ్లకు చెబుతూ ఉంటాను.

పొట్టి చిత్రాల్లో నటిస్తున్న మా మేనల్లుడు ఒకరోజు ఈ మాట మీదే నాతో వాదనకు దిగాడు. "అన్నేళ్లు ఊరికే పోయాయి కదా మావయ్యా, ఇప్పుడైతే ఆర్నెల్లలో పైకొచ్చేవాడు" అన్నాడు. "ఊరికే పోలేదురా, ఆ ఆర్నెల్లలో మఖ్దూం వేషం దొరికేదా?" అన్నాను. వాడు ఒప్పుకోలేదు. విజయవాడ నుంచి రాత్రి బస్సెక్కి కృష్ణానగర్ వెళ్లి, పొద్దున్నే ఫొటోలు పట్టుకుని ఆఫీసుల ముందు నిలబడే కుర్రాళ్ల తొందర నాకు అర్థమవుతుంది. అద్దె కట్టాలి, ఇంట్లో వాళ్లకు సమాధానం చెప్పాలి. వాళ్లకు ఓర్పు గురించి ఉపన్యాసం ఇవ్వడం నా ఉద్దేశం కాదు. ఖాళీగా ఎదురుచూడటం, ఏదో ఒక పని చేస్తూ ఎదురుచూడటం ఒకటి కావని మాత్రమే నేను అనేది.

గుంటూరులో మనకు తెలిసిన ఉదాహరణే ఉంది. లెక్కల మాస్టారిగా పనిచేసిన జయప్రకాశ్ రెడ్డి గారు కూడా 1988లోనే 'బ్రహ్మపుత్రుడు'తో తెర మీదికి వచ్చారు. మధ్యలో సినిమాలు కలిసిరాక మళ్లీ బడిలో పాఠాలు చెప్పుకున్నారు. 1997లో 'ప్రేమించుకుందాం రా' వచ్చాక గానీ రాష్ట్రమంతా ఆయన్ని గుర్తుపట్టలేదు. ఆ తర్వాత ఎంత పేరు వచ్చినా నాటకాన్ని వదలలేదు. ఒక్కరే రంగస్థలం మీద నిలబడి నడిపించిన 'అలెగ్జాండర్' చూసినవాళ్లు మరిచిపోరు. 2020 సెప్టెంబరు 8న గుంటూరులోనే కన్నుమూశారు. ఇద్దరి నటనకూ పోలిక లేదు, ఒకరిది ఉరుము, మరొకరిది మౌనం. అయినా పేరు లేని కాలాన్ని ఇద్దరూ పనితోనే నింపుకున్నారు.

ఇర్ఫాన్‌కు మలుపు లండన్ నుంచి వచ్చింది. ఆసిఫ్ కపాడియా అన్న యువ దర్శకుడు 2001లో తీసిన 'ది వారియర్'లో ఆయనది ప్రధాన పాత్ర. రాజు కోసం ఊళ్లు తగలబెట్టే యోధుడు ఒకరోజు కత్తి వదిలేసి, కొడుకును పోగొట్టుకుని, రాజస్థాన్ ఇసుక నుంచి హిమాలయాల వైపు నడిచిపోతాడు. అందులో మాటలు చాలా తక్కువ. వేటను చూడలేకపోయిన ఆ జైపూర్ పిల్లవాడు చంపడం మానుకునే మనిషిగా నటించడానికి ఎక్కడి నుంచో బరువు అరువు తెచ్చుకోవలసిన అవసరం రాలేదనిపిస్తుంది. ఆ చిత్రానికి ఉత్తమ బ్రిటిష్ చిత్రంగా బాఫ్టా వచ్చింది. అప్పుడు గానీ ముంబై తన ఊళ్లోనే ఉన్న నటుణ్ని తలెత్తి చూడలేదు.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. నాటక పాఠశాల నాటి మిత్రుడు తిగ్మాంశు ధూలియా 2003లో 'హాసిల్' తీశారు. అలహాబాద్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి నాయకుడైన రణ్‌విజయ్ సింగ్‌ను చూసినప్పుడు, ఒకప్పటి కాలేజీ సంఘాల కొట్లాటలు ఎరిగిన విజయవాడ వాళ్లకు అతడు పక్క వీధి మనిషిలా కనిపిస్తాడు. వెంటనే విశాల్ భరద్వాజ్ 'మక్బూల్'. 2006లో మీరా నాయర్, తొలి సినిమాలో చేజారిన అవకాశానికి బదులు తీర్చుకున్నట్టుగా, 'ది నేమ్‌సేక్'లో అశోక్ గంగూలీ పాత్ర ఇచ్చారు. 2011లో పద్మశ్రీ, 'పాన్ సింగ్ తోమర్'కు ఉత్తమ నటుడిగా జాతీయ పురస్కారం, 'లైఫ్ ఆఫ్ పై', 'ద లంచ్‌బాక్స్' వరుసగా వచ్చాయి. 'లంచ్‌బాక్స్'లో పదవీ విరమణకు దగ్గరపడిన గుమస్తా, పొరపాటున తన దగ్గరికి వచ్చిన క్యారేజీ మూత తీసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు ఆ ముఖంలో వచ్చే మార్పు చూస్తే, నేను పైన చెప్పిన చిన్నతెర చదువు ఎక్కడికి చేరిందో తెలుస్తుంది.

అదే 2006లో ఆయన తెలుగులోనూ నటించారు. గుణశేఖర్ దర్శకత్వంలో మహేశ్ బాబు కథానాయకుడిగా వచ్చిన 'సైనికుడు'లో ప్రతినాయకుడు పప్పు యాదవ్ ఆయనే. ఒక వైపు మీరా నాయర్ కెమెరా ఆయన మౌనాన్ని నమ్ముకుని నిలబడి ఉంటే, మనం ఆయన చేత గుడ్లురిమించి, మరొకరి గొంతు అతికించాం. సినిమా ఆశించినంతగా ఆడకపోవడం వేరే సంగతి. బయటి భాష నటుణ్ని తెచ్చుకుని అతని గొంతు తీసేస్తే సగం నటుడే మిగులుతాడు. ఇర్ఫాన్ విషయంలో సగం కంటే ఎక్కువే పోయింది. అంతటి వాడు మన పరిశ్రమ గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయాడన్న బాధ నాకు నేటికీ తగ్గలేదు.

2018 మార్చిలో ఆయన తన అరుదైన కణితి జబ్బు గురించి తానే ప్రకటించారు. లండన్‌లో వైద్యం చేయించుకుంటూ, కాస్త తేరుకోగానే 'అంగ్రేజీ మీడియం' పూర్తి చేశారు. అది 2020 మార్చి 13న విడుదలై, కరోనాతో థియేటర్లు మూతపడటంతో ఆగిపోయింది. ఏప్రిల్ 25న జైపూర్‌లో తల్లి పోతే లాక్‌డౌన్ వల్ల వెళ్లలేకపోయారు. నాలుగు రోజులకు, 29న, ముంబైలో ఆయనా వెళ్లిపోయారు. వయసు 53 ఏళ్లు.

సినిమాలు ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటాయి. టెలివిజన్ పని పరిస్థితి అలా లేదు. ఉన్న ప్రతులు మసకగా, తెగిపోయి ఉంటున్నాయి, తెలుగువాళ్లకు అర్థమయ్యే రూపంలో అసలే లేవు. మా బృందంలో ఉర్దూ చదవడం వచ్చిన మిత్రుడు ఒకరున్నారు. ఆయన సాయంతో 'కహకషాఁ'లోని మఖ్దూం సన్నివేశాల మాటలకు తెలుగు అర్థం రాసుకుంటున్నాం. మఖ్దూం కవితల దగ్గర పని నెమ్మదిగా సాగుతోంది, సంభాషణలు చాలావరకు అయ్యాయి. పూర్తయ్యాక మా కుర్రాళ్లను కూర్చోబెట్టి, ఆ కాగితాలు చేతికిచ్చి చూపించాలని అనుకుంటున్నాం. మా మేనల్లుణ్ని కూడా రమ్మన్నాను.