ఒక 'ఓ' ఎక్కువైన చోట
కావలిలో డిగ్రీ చదువుతున్న మా తమ్ముడు మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో ఆట గురించి ఇంగ్లీషులో రాసుకున్న గైడును దిద్దడానికి నిన్న రాత్రి వాడి పక్కన కూర్చున్నాను. కలిసిపోయిన పేరాలను విడగొట్టి, శీర్షికలు పెట్టి, 2021లో వచ్చిన 1.18 వెర్షన్ నుంచి వజ్రాలు బాగా లోతున, ఆటలో ఎత్తును చూపే 'వై' అంకె మైనస్ 59 దగ్గర ఎక్కువగా దొరుకుతాయన్న వాక్యాన్ని, ఆట మధ్యలో చూసేవారి కంటికి ఆనేలా బోల్డు చేశాను. అది తేలికైన పనే.

లావాలో పడితే వస్తువులు పోతాయని చెప్పిన ప్రతిచోటా వాడు 'లూజ్'కు రెండు 'ఓ'లు రాశాడు. అప్పుడది పోగొట్టుకోవడం కాదు, వదులు కావడం అవుతుంది. చొక్కా లూజుగా ఉందని రోజూ అనే మన నోటికి రెండు మాటలూ ఒకటే కనుక ఆ పొరపాటు సహజమే. "ఒక ఓ తీసెయ్ అబ్బయా" అంటూ ఐదు చోట్ల చూపించాను. ఆరోది వాడే పట్టుకున్నాడు.