బరంపురం నుంచి దుబాయ్‌కి మా పసుపు: నా అనుభవం

ఎక్స్‌పోర్ట్ అంటే కాగితాలతోనే చస్తావని అందరూ భయపెట్టారు గానీ, కాగితాల పని అనుకున్నంత లేదు, నా డబ్బులు పోయింది రోడ్డు మీద.

మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం. కంధమాల్ కొండల పసుపు కొని అమ్మడం ఇంట్లో ఎప్పట్నుంచో ఉంది, 2019లో దానికి జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతం సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చాక మనమే నేరుగా పంపితే ఏం అని దిగాను. ఎగుమతి దిగుమతులు చెయ్యాలంటే ఉండాల్సిన ఐఈసీ కోడ్ పాన్ కార్డు మీదే ఇస్తారు, ఫీజు 500, ఏజెంట్లకి వేలకు వేలు పొయ్యక్కర్లేదు (ఏటా ఏప్రిల్-జూన్ మధ్య అప్‌డేట్ చెయ్యాలి, లేకపోతే కోడ్ ఆగిపోద్ది). స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ వేరే. ఎల్‌యూటీ, అంటే టాక్స్ కట్టకుండానే ఎగుమతి చేస్తానని జీఎస్టీ వాళ్ళకి ఇచ్చే హామీ పత్రం, వేస్తే ఐజీఎస్టీ (ఎగుమతి మీద పడే జీఎస్టీ) ముందు కట్టి రిఫండ్ కోసం కూర్చోనక్కర్లేదు, అదీ ఏటా కొత్తగా వెయ్యాలి. విశాఖలో మా సీహెచ్ఏ (కస్టమ్స్ పని చేసిపెట్టే ఏజెంటు) పెద్దాయనది ఒకటే మాట, "బాబూ, ముందు బ్యాంకు నుంచి ఏడీ కోడ్ లెటర్ పట్రా, అది ఐస్‌గేట్‌లో ఎక్కకపోతే షిప్పింగ్ బిల్లు కదలదు." ఏడీ కోడ్ అంటే ఎగుమతి డబ్బులు వచ్చే బ్యాంకు కోడ్, ఐస్‌గేట్ కస్టమ్స్ వాళ్ళ వెబ్‌సైట్, షిప్పింగ్ బిల్లు సరుకు పంపడానికి కస్టమ్స్‌కి ఇచ్చే కాగితం. ఆ లెటరేంటో తెలిసిన మనిషి బ్యాంకులో దొరకడానికే టైం పట్టింది.

ఇక రోడ్డు. పక్కనే గోపాల్‌పూర్ పోర్టు ఉన్నా అక్కడ నడిచేది ఎక్కువగా ఖనిజాలు, బొగ్గు, మా బస్తాలు కంటైనర్లో పోవాలి కాబట్టి విశాఖే దిక్కు, దాదాపు 270 కిలోమీటర్లు. సరుకుతో పాటు లారీలో ఉండాల్సిన జీఎస్టీ ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకి ఒక రోజు లెక్క, మాకు రెండ్రోజులు వస్తుంది, చాలు. ఒడిశా-ఆంధ్రా సరిహద్దులో గిరిసోల, పురుషోత్తపురం చెక్‌గేట్ల దగ్గర టాక్స్ కాగితాల కోసం లారీలు రాత్రంతా పడుండే రోజులు 2017లో జీఎస్టీతో పోయాయి, అది మాత్రం సుఖమే. కానీ ఖాళీ కంటైనర్ ఇక్కడికి తెప్పిస్తే రానుపోను బాడుగ మనమే పెట్టుకోవాలి, అందుకే లారీలో పంపి, అక్కడ సీఎఫ్ఎస్‌లో (పోర్టు దగ్గర కంటైనర్లు నింపే గోడౌన్) దింపి, ఫ్యూమిగేషన్ (పురుగు చావడానికి పొగ పెట్టడం), ఫైటో సర్టిఫికెట్ (సరుకులో చీడపీడలు లేవన్న కాగితం) అయ్యాక మళ్ళీ కంటైనర్లోకి ఎక్కించాం. ఒక్కో బస్తాకి ఇక్కడ ఎక్కుడు కూలి, అక్కడ దింపుడు కూలి, మళ్ళీ ఎక్కుడు కూలి. ఆ పని ఇక్కడే ఉంటే ఆ కూలీ మా కళాసీలకి (హమాలీలకి) వచ్చేది, వాళ్ళ పిల్లలేమో సూరత్ మగ్గాల్లో ఉన్నారు.

బరంపురం, ఛత్రపురం మధ్య హైవేకీ రైలుకీ ఆనుకుని కస్టమ్స్, కాటా, ఫ్యూమిగేషన్ అన్నీ ఉన్న సరుకు హబ్ ఒకటి కావాలి, రైల్వే వాళ్ళ గతిశక్తి కార్గో టెర్మినల్ పాలసీ 2021 నుంచే ఉంది, ప్రైవేటు వాళ్ళూ కట్టొచ్చు. అయితే షెడ్లు లేపేస్తే చాలదండీ, ఖాళీ కంటైనర్లు ఊరికే రావు, ఇటు దిగే సరుకు ఉంటేనే వస్తాయి. ఆ సరుకు పలాసలో ఉంది! ఆఫ్రికా జీడిపిక్కలు అక్కడికి వస్తాయి కదా, వాటిని తెచ్చిన కంటైనర్ ఖాళీగా విశాఖ పోయే బదులు ఇటు వచ్చి మా పసుపు ఎక్కించుకుపోవచ్చు. షిప్పింగ్ లైన్ ఒప్పుకోవాలి, కంటైనర్‌కి మన గోడౌన్లోనే సీలు వేసుకోడానికి కస్టమ్స్ వాళ్ళ సెల్ఫ్ సీలింగ్ పర్మిషన్ కావాలి. పర్మిషన్‌కి అప్లై చేశా, పలాస పార్టీ ఒకాయనతో మాటలు నడుస్తున్నాయి, బాడుగలో ఎవరి వాటా ఎంతన్న దగ్గరే ఇంకా తెగలేదు.