బాతు లక్షణాలు కోడిపిల్లకు వస్తాయా?

ఒక జీవి నుంచి వెలువడే విద్యుదయస్కాంత తరంగాలను మరో జీవిపైకి మళ్లిస్తే మొదటిదాని లక్షణాలు రెండోదానికి సంక్రమిస్తాయని చెప్పే ఒక యంత్రం కరపత్రాన్ని మా బంధువు ఒకాయన నాకు చూపించారు. లోహపు గదిలో ఒకవైపు బాతు, మరోవైపు పొదగడానికి పెట్టిన కోడిగుడ్లు. కింద, వేళ్ల మధ్య పొరతో కోడిపిల్ల బొమ్మ. సోవియట్ కాలం నుంచీ తిరుగుతున్న వాదన ఇది.

లక్షణాలను మోసేది డీఎన్ఏ అనే పదార్థమేనని ఏవరీ, మెక్‌లియోడ్, మెక్‌కార్టీ అనే శాస్త్రవేత్తలు 1944లోనే బ్యాక్టీరియాపై చేసిన ప్రయోగాలతో చూపించారు. కిరణాలు జన్యువులను తాకనే తాకవని నేననడం లేదు. ఎక్స్ కిరణాలతో ఉత్పరివర్తనలు, అంటే జన్యువుల్లో మార్పులు, కలుగుతాయని ముల్లర్ అనే శాస్త్రవేత్త 1927లో నిరూపించారు, అయితే అవి ఎక్కడపడితే అక్కడ జరిగే మార్పులే తప్ప, మరో ప్రాణి రూపురేఖలను మోసుకొచ్చేవి కావు. మైక్రోవేవ్ ఓవెన్‌లో వాడే 2.45 గిగాహెర్ట్జ్ తరంగపు ఫోటాన్‌కైతే (ఆ తరంగం మోసే శక్తిలోని అతి చిన్న పొట్లానికి), రెండు కార్బన్ పరమాణువుల మధ్య బంధాన్ని తెంచే శక్తిలో లక్షో వంతు కూడా ఉండదు.

ఆ పరికరం యవ్వనాన్ని, ఆరోగ్యాన్ని కూడా బదిలీ చేస్తుందన్న వాక్యం నన్ను ఎక్కువగా కలచివేసింది, ఎందుకంటే ఆయన ఇంట్లో చాలాకాలంగా మంచం పట్టిన మనిషి ఉన్నారు. ఆ మనిషి వాడుతున్న మందులు మాత్రం ఆపవద్దని మా బంధువును బతిమాలాను. రేపు ఇద్దరం కలిసి వైద్యురాలి దగ్గరికి వెళ్తున్నాం.