పాత ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టుకున్నాను

నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ. లోపల ఉన్నది పాత రకం హార్డ్ డిస్క్. ఉబుంటు 22.04 అనే లినక్స్ సిస్టమ్ వేసుకున్నప్పటి నుంచి దానితో వచ్చిన గ్నోమ్ డెస్క్‌టాప్‌నే వాడుతూ వచ్చాను. చూడటానికి అందంగా ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ బ్రౌజరూ, డాక్యుమెంట్లు రాసుకునే రైటరూ కలిపి తెరిస్తే చాలు, డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉండేది. ఒక విండో నుంచి ఇంకో విండోకి వెళ్లాలంటే నొక్కి ఎదురుచూడాలి.

లినక్స్‌లో డెస్క్‌టాప్ అనేది సిస్టమ్ పైన ఉండే ఒక పొర మాత్రమేనని, ఒకటి ఉండగానే దాని పక్కన ఇంకోటి పెట్టుకోవచ్చని నాకు ముందే తెలుసు. తెలిసినా చెయ్యి ఆడలేదు. ఎన్నో ఏళ్ల ఫైళ్లు అందులోనే ఉన్నాయి మరి. చివరికి ఒక ఆదివారం హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాక గానీ టెన్షన్ తగ్గలేదు.

గ్నోమ్ పక్కన పెట్టుకోవడానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, 1996 నుంచి నడుస్తున్న ప్రాజెక్టు అది. ప్రతి వెర్షన్‌కూ రూపం మార్చేసుకోకుండా, తేలిగ్గా ఉండటాన్నే పట్టుకుని వచ్చింది. ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే ఇంకో డెస్క్‌టాప్ కూడా తేలికైనదే. అయినా తెర అంచున ఉండే పట్టీని, అంటే ప్యానెల్‌ను మౌస్‌తో నాకు కావలసినట్టు మార్చుకునే వీలు ఎక్స్‌ఎఫ్‌సీఈలో నాకు బాగా నచ్చింది.

పెట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అనే ప్యాకేజీ ఒక్కటే వేసుకుంటే డెస్క్‌టాప్ దాదాపు ఖాళీగా వస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈతో వచ్చే ఉబుంటు రకమైన జుబుంటు వాళ్ల ప్యాకేజీ, జుబుంటు-డెస్క్‌టాప్ వేసుకుంటే థీములు, ఫాంట్లు, మెనూ, అప్లికేషన్లు అన్నీ అమర్చి ఇస్తుంది. నేను రెండోదే ఎంచుకుని, టెర్మినల్‌లో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ కొట్టి ఆ పేరు ఇచ్చాను.

డౌన్‌లోడ్ అయ్యి సగం పని జరిగాక, టెర్మినల్ నిండా ఒక వంగపండు రంగు తెర పరుచుకుంది. అందులో రెండే పేర్లు: జీడీఎం3, లైట్‌డీఎం. ఏది కావాలో చెప్పమంటోంది. మౌస్‌తో నొక్కితే కదల్లేదు. ఆ రెండూ డెస్క్‌టాప్‌లు కావు. పాస్‌వర్డ్ అడిగే లాగిన్ తెరను చూపించేవి. ఏది ఎంచుకున్నా రెండు డెస్క్‌టాప్‌లలోకీ వెళ్లొచ్చు. అప్పటిదాకా పనిచేస్తున్నది జీడీఎం3 కాబట్టి దాన్నే ఉంచాను. బాణం కీతో దాని మీదకు వెళ్లి, ట్యాబ్ కొట్టి, ‘ఓకే’ మీద ఎంటర్ నొక్కాను. తర్వాత మనసు మారినా ‘డీపీకేజీ-రీకాన్ఫిగర్’ అనే కమాండ్‌తో మార్చుకోవచ్చు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే ఆ తెర ముందు పది నిమిషాలు కూర్చునేవాణ్ణి కాదు.

రీస్టార్ట్ చేస్తే జుబుంటు లోగో వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టాను. తెరుచుకున్నది మళ్లీ గ్నోమే! సెషన్‌ను, అంటే ఏ డెస్క్‌టాప్‌లోకి వెళ్లాలన్నది, మార్చే పళ్లచక్రం గుర్తు లాగిన్ తెర మీద ముందే కనిపించదు. మన పేరు మీద నొక్కి, పాస్‌వర్డ్ అడిగాక, అప్పుడు కింద కుడి మూలన వస్తుంది. దాన్ని నొక్కి ‘జుబుంటు సెషన్’ ఎంచుకున్నాను.

వేగం సంగతి చెప్పాలి. లాగిన్ అవ్వగానే టెర్మినల్‌లో మెమరీ వాడకం చూపే ‘ఫ్రీ -హెచ్’ కొట్టి చూస్తే, గ్నోమ్‌లో 1.3 జీబీ దాకా ఉండే వాడకం ఇక్కడ 750 ఎంబీ దగ్గర ఉంది. బ్రౌజర్ తినే మెమరీ మాత్రం ఎక్కడైనా అంతే. ఇరవై ట్యాబులు తెరిస్తే ఏ డెస్క్‌టాప్ అయినా చేసేదేమీ లేదు. కానీ ఆ మిగిలిన అర జీబీ వల్ల బ్రౌజరూ రైటరూ పక్కపక్కన హాయిగా నడిచాయి. డిస్క్ లైటు ఆరింది. ఎన్నాళ్లకో!

ఆ సంతోషంలో రైటర్ తెరిచి, ఎప్పటిలాగే భాష మార్చడానికి సూపర్ కీ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కలిపి నొక్కి తెలుగు టైప్ చేయబోయాను. ఇంగ్లీషు అక్షరాలే పడ్డాయి. ఇంకోసారి నొక్కినా అంతే. నేను రోజూ రాసేది తెలుగులో. అది లేకపోతే ఈ వేగం నాకెందుకు?

కారణం వెతికితే తేలింది. తెలుగు కీబోర్డును నడిపేది ఐబస్ అనే ప్రోగ్రామ్. గ్నోమ్ దాన్ని తనంతట తానే మొదలుపెడుతుంది, సెట్టింగులు కూడా తనలోనే చూపిస్తుంది. అందుకే ఐబస్ అనేది వేరే ఉందన్న సంగతే నాకు తట్టలేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఆ పనిని మనకు వదిలేస్తుంది. టైపింగ్ ప్రోగ్రామ్‌ను ఎంచుకునే ఐఎమ్-కాన్ఫిగ్ తెరిచి, ఐబస్‌ను ఎంచుకుని, లాగౌట్ అయి మళ్లీ వచ్చాను. ప్యానెల్‌లో చిన్న గుర్తు కనిపించింది. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికను కలిపాను. ఈసారి తెలుగు అక్షరం పడింది.

ఇంకో చిన్న ఇబ్బంది మిగిలింది. ‘కొత్త లెక్కలు’ అనే ఫైలు తెరిస్తే కింది ప్యానెల్‌లో ‘కొత లెకలు’ అని కనిపించింది. వరుస ఎత్తు చాలక వత్తులు తెగిపోయాయి. ప్యానెల్ ప్రిఫరెన్సెస్‌లో ఆ ఎత్తును 32 పిక్సెళ్లకు పెంచితే తవత్తూ కవత్తూ రెండూ వచ్చి కూర్చున్నాయి. ఇంగ్లీషు పేర్లు వాడేవాళ్లకు ఇది కంటికి ఆనదు. మనకు ఆనుతుంది.

టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్లతో జరిపే అలవాటు ఒక్కటి పోయింది. దాని బదులు కీబోర్డు షార్ట్‌కట్లు పెట్టుకున్నాను. మెనూలో ఫైల్ మేనేజర్లు రెండేసి, టెర్మినళ్లు రెండేసి ఉన్నాయి. నాకు అడ్డేమీ కాదు.

గ్నోమ్‌ను తీసేయలేదు. ఈ పెద్ద ప్యాకేజీలు లోపల ఇంకెన్నో ప్యాకేజీలను కలిపి ఉంచే మూటలు. పైపేరు తీసేసినంత మాత్రాన లోపలివి పోవు. అన్నీ ఏరి తీయబోతే అవసరమైనవీ వాటితో పోవచ్చు. డిస్క్‌లో చోటు ఉంది, ఉండనిచ్చాను. మూడు నెలల్లో ఒక్కసారే అటు వెళ్లాను, ఒక పాత సెట్టింగు ఎక్కడ ఉండేదో చూసుకోవడానికి.