ఎడమవైపు వెళ్తేనే తప్పే కుట్టు

శనివారం, రాత్రి పదిన్నర

కుట్టినవి మూడు వరసలు, విప్పినవి రెండు. రోజంతా కష్టపడితే చేతికి మిగిలింది ఒక్క వరస.

స్నేహితురాలి పాపకు వచ్చే ఆదివారం బారసాల. బొంత పైభాగం ముక్కలన్నీ నెల కిందటే కలిపి పెట్టుకున్నాను. పై బట్ట, మధ్యలో దూది పొర, అడుగు బట్ట, ఈ మూడింటినీ కలిపి కుట్టే పనే మిగిలింది. దానికోసమే ఈ లాంగ్ఆర్మ్ మిషన్. మామూలు మిషన్ మీద బట్టను మనం జరుపుతాం. దీని మీద బట్ట పన్నెండడుగుల చట్రానికి బిగించి ఉంటుంది, మిషన్ తలే పట్టాల మీద తిరుగుతుంది. తెనాలి నుంచి వచ్చిన కొత్తలో అత్తయ్య దీన్ని చూసి, "ఇది మిషనా, మగ్గమా?" అన్నారు. డాలస్‌లో మా ఇంట్లో అతిథుల గది మొత్తాన్ని ఇదే ఆక్రమించింది కాబట్టి ఆవిడ పడక హాల్లోనే.

పొద్దున్న మొదలుపెట్టగానే తేడా కనిపించింది. ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే కుట్టు చక్కగా పడుతోంది. కుడి నుంచి ఎడమకు వచ్చేటప్పుడు మాత్రం మధ్యమధ్యలో ఒకటి తప్పి, రెండు కుట్ల పొడవున దారం తేలుతోంది. ఆ "ఎడమకు వస్తేనే" అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగి ఉండాల్సింది. ఆగలేదు. చెయ్యి దానంతటదే దారం బిగువును మార్చే టెన్షన్ మర మీదకు వెళ్లింది. నాకున్న జబ్బు అది. ఏం జరిగినా టెన్షన్ తిప్పుతాను.

పై దారం బిగువు తగ్గించాను. తప్పే కుట్టు తప్పుతూనే ఉంది. పైగా వంపులు తిరిగిన చోటల్లా అడుగున పసుపు దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడింది. ఇక్కడి వాళ్లు వాటిని ఐలాషెస్ అంటారు, కనురెప్పల వెంట్రుకలన్నమాట. పేరు ముద్దుగానే ఉంది. పై దారం వదులైనప్పుడు కింది దారం దాన్ని అడుగుకు లాగేసుకుంటుంది, అంతే. తిప్పిన మరను వెనక్కి తిప్పితే సరిపోయేది. నేను బాబిన్ కేసు, అంటే కింది దారం కండె ఉండే చిన్న డబ్బీ, తీసి దాని మర కూడా వదులు చేశాను. తరువాత పై దారం మళ్లీ బిగించాను. ఈసారి కింది తెల్ల దారం పైకి వచ్చి, పసుపు గీత పొడవునా చుక్కలు పెట్టింది. ఒక్క రోగంతో మొదలైన మిషన్‌కు పదకొండు గంటలకల్లా మూడు రోగాలు తెచ్చిపెట్టాను.

అత్తయ్య టీ తెచ్చి, పక్కన కూర్చుని, కుట్లు విప్పడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లు కాలి మిషన్ మీద జాకెట్లు కుట్టిన చెయ్యి. నేను ఒక జానెడు విప్పేసరికి ఆవిడ మూరెడు విప్పారు.

"నిన్నటిదాకా బాగానే కుట్టిందిగా అమ్మాయీ. ఏం మార్చావు?"

"సూది విరిగితే కొత్తది వేశాను అత్తయ్యా."

"చదును వైపు చూసే పెట్టావా?"

అదే చిక్కు. ఇంటి మిషన్ సూదికి కాడ ఒక వైపు చదునుగా ఉంటుంది, తప్పుగా పెట్టడం కష్టం. లాంగ్ఆర్మ్ సూది కాడ మొత్తం గుండ్రం. ఏ కోణంలోనైనా దూరుతుంది, మర బిగిస్తే అలాగే నిలబడుతుంది. పొడవాటి గాడి మన వైపుకు, దారం దూరే కంటికి కాస్త పైనున్న నొక్కు వెనక్కి ఉండాలి. సూది కిందిదాకా దిగి, రెండు మిల్లీమీటర్ల చిల్లర పైకి లేవగానే దారం చిన్న ఉచ్చుగా ఉబ్బుతుంది. వెనక తిరిగే కొక్కెం మొన సరిగ్గా ఆ క్షణంలో నొక్కు పక్కగా వచ్చి ఉచ్చును అందుకోవాలి. సూది కాస్త పక్కకు తిరిగి ఉంటే ఉచ్చు కూడా పక్కకు తిరుగుతుంది, కొక్కెం ఖాళీగా పోతుంది. మిషన్ తల ఒక వైపు లాగినప్పుడు సూది ఆ ఊపుకు వంగి ఎలాగో అందుతుంది, రెండో వైపు అందదు.

కంటితో చూస్తే సూది నిటారుగానే ఉంది. దారం దూరే రంధ్రంలోకి ఒక సన్నని గుండుసూది దూర్చి చూశాను. దాని తల నా వైపుకు చూడాల్సింది, కిటికీ వైపు చూస్తోంది. మర వదులు చేసి తిప్పి బిగించాను. మధ్యాహ్నం కొక్కెం టైమింగ్ విప్పి సరిచేద్దామని స్క్రూడ్రైవర్ దాకా వెళ్లానని అత్తయ్యకు చెప్పలేదు.

అయినా అక్కడక్కడ ఒకటి తప్పింది. ఈసారి మర ముట్టుకోలేదు, బట్టను ముట్టుకున్నాను. డప్పులా మోగింది. అంత బిగువుగా ఉంటే బట్ట సూదితో పాటు ఎగిరెగిరి పడుతుంది, ఉచ్చు నిలవదు. చట్రం మీద బట్ట చుట్టిన రోలర్‌ను రెండు పళ్లు వదిలి, అడుగు నుంచి వేలు పైకి నెట్టి, పై నుంచి ఆ వేలిని పట్టుకోగలిగేంత వదులు చేశాను. కుట్టు తప్పడం ఆగింది.

మిగిలింది నేను చేసిన పాడు. బాబిన్ కేసును అరచేతిలో పెట్టి దారం పైకి లాగితే కేసు లేచి నిలబడాలి, చెయ్యి వదిలి గాల్లోకి రాకూడదు. నాది అసలు లేవనే లేదు, దారం జర్రున వచ్చేసింది. గడియారంలో ఐదు నిమిషాలంత చొప్పున మర తిప్పుకుంటూ వచ్చాను. టెన్షన్ పళ్లేల మధ్య లావుపాటి దారం ఒకటి అటూ ఇటూ లాగితే బూడిద రంగు నూగు ఉండలా బయటపడింది. కొక్కెం మీద ఒక చుక్క నూనె. బొంత అంచు బయట మిగిలిన పేలిక మీద కుట్టి చూస్తే పైనా కిందా ఒకేలా ఉంది.

విప్పిన చోట సూది రంధ్రాలు ఇంకా కనిపిస్తున్నాయి. నీళ్లు చిలకరించి గోరుతో రుద్దాను, సగం మూసుకున్నాయి. ఉతికితే మిగతావీ పోతాయి. బాబిన్ మర ఇప్పుడున్న చోట అత్తయ్య గోళ్ల రంగుతో ఎర్రగా గీత పెట్టాను. ఇంకా నాలుగు వరసలున్నాయి.