బ్రేక్ డిస్కుకి గాలి ఎక్కడ తగలాలి

ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకి, కారు రెడీ చేస్తున్నా అనగానే మన హైదరాబాద్‌లో ముందు వచ్చే ప్రశ్న ఎగ్జాస్ట్ ఏది వేశావు, ఇంజన్ కంప్యూటర్ రీమ్యాప్ ఎక్కడ చేయించావు అని. బ్రేకుల గురించి అడిగేవాళ్లు తక్కువ. అడిగినా "పెద్ద డిస్కులు వేయించావా" దగ్గరే ఆగిపోతుంది మాట. కారుతో వచ్చిన డిస్కులు, ప్యాడ్లని వాటి మీదికి నొక్కే కాలిపర్లు కూడా కారుతో వచ్చినవే ఉంచుకుని, మంచి బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు వేసి, గాలిని సరిగ్గా డిస్కు మధ్యలోకి పంపిస్తే చాలు, మామూలు హాచ్‌బ్యాక్ కూడా సెషన్ మొదటి ల్యాప్‌లో ఎలా ఆగిందో చివరి ల్యాప్‌లోనూ అలాగే ఆగుతుంది. దీనికి లక్షలు అక్కర్లేదు. పని ఎక్కడ ఎలా చెయ్యాలో తెలిస్తే రాణిగంజ్‌లో దొరికే సామానుతోనే అయిపోతుంది.

ముందు వేడి సంగతి లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఈ లెక్క ఒక్కసారి మనసుకి ఎక్కితే మిగతా నిర్ణయాలన్నీ తేలికైపోతాయి. నా కారు 1100 కిలోలు అనుకోండి. గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి 70కి దించాలంటే దాదాపు 880 కిలోజౌల్స్ శక్తి ఎక్కడికో పోవాలి, పోయేది వేడిగానే. బ్రేకు కొట్టినప్పుడు బరువు ముందుకి వస్తుంది కాబట్టి అందులో 70 శాతం ముందు చక్రాల మీదే పడుతుందనుకుంటే ఒక్కో ముందు డిస్కుకి 300 కిలోజౌల్స్ పైమాటే. అయిదు కిలోల పోత ఇనుప డిస్కు మూడు సెకన్లలో అంత వేడి మింగితే దాని ఉష్ణోగ్రత సుమారు 120 డిగ్రీలు పెరుగుతుంది. ఒక్క మలుపుకి! ల్యాప్‌కి అలాంటి మలుపులు మూడో నాలుగో ఉంటాయి, మధ్యలో చల్లబడే టైము కొన్ని సెకన్లే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. బయటి గాలిని డిస్కు దాకా తెచ్చే పైపు, అంటే డక్ట్, పెట్టినంత మాత్రాన ఆ 120 డిగ్రీల పెరుగుదల తగ్గదు. ఆ మూడు సెకన్లలో గాలి చేయగలిగింది చాలా తక్కువ, అక్కడ లెక్కకొచ్చేది డిస్కు బరువే. గాలి పనిచేసేది రెండు బ్రేకుల మధ్య. చెరువులోకి వచ్చే వరదని మనం ఆపలేం, తూము మాత్రం పెద్దది చేయగలం, అలాగన్నమాట. తూము పెద్దదైతే నీటిమట్టం ఎలా కిందే నిలబడుతుందో, డక్ట్ ఉన్న డిస్కు కూడా 450 దగ్గర నుంచి కాకుండా 330 దగ్గర నుంచి తరువాతి మలుపుకి వెళ్తుంది. పెరగడం అంతే పెరుగుతుంది, కానీ పైన తగిలే అంకె ప్యాడ్ తట్టుకోగల హద్దులో ఉంటుంది. అందుకే డిస్కులకి చిల్లులు పొడిపించి "కూలింగ్ కోసం" అనే వాళ్లతో నేను అస్సలు ఒప్పుకోను. చిల్లులు వేస్తే ఇనుము బరువు తగ్గుతుంది, అంటే ప్రతి బ్రేకుకీ వేడి ఇంకా ఎక్కువ పెరుగుతుంది, పైగా ట్రాక్ మీద పగుళ్లు మొదలయ్యేది ఆ చిల్లుల అంచుల నుంచే. గాడులు తీసిన డిస్కు పర్లేదు, లేదంటే ఏమీ లేని సాదా డిస్కు ఇంకా మంచిది.

డక్ట్ జోలికి వెళ్లే ముందు మీ బ్రేకు ఎందుకు దెబ్బతింటుందో కనిపెట్టండి, ఎందుకంటే రెండు జబ్బులకి మందు వేరు. పెడల్ గట్టిగానే ఉంది, కాలు ఎంత నొక్కినా కారు ఆగట్లేదు అంటే ప్యాడ్ వేడికి పట్టు వదిలేసింది. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతోంది అంటే బ్రేక్ ఆయిల్ మరిగి పైపుల్లో ఆవిరి బుడగలు వచ్చాయి, ఇది చాలా ప్రమాదం. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది, మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే ఖర్చైపోతుంది.

బ్రేక్ ఆయిల్స్‌కి డాట్ అనే గ్రేడులుంటాయి. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. కానీ అది గాలిలో తేమని పీల్చుకుంటూనే ఉంటుంది, 3.7 శాతం నీళ్లు చేరిన తరువాత అదే ఆయిల్‌కి ప్రమాణం అడిగేది 155 డిగ్రీలే. డాట్ 5.1కి ఈ అంకెలు 260, 180. రేసింగ్ కోసం చేసిన ఆయిల్స్‌లో కొత్తగా ఉన్నప్పుడు 300 దాటేవి ఉన్నాయి, మన దగ్గర అందరూ వాడే మోతుల్ ఆర్‌బీఎఫ్ 600కి 312. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన వానల్లో తిరిగిన కారు అదే పాత ఆయిల్‌తో అక్టోబర్‌లో ట్రాక్‌కి వెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి. నేనైతే ప్రతి ట్రాక్ డేకి ముందు కొత్త సీసా సీల్ తీసి పాత ఆయిల్ మొత్తం మార్పించి, పైపుల్లో గాలి మిగలకుండా బ్లీడింగ్ చేయిస్తా, సగం వాడిన సీసా మళ్లీ వాడను. ఆయిల్, మంచి ప్యాడ్లు అయ్యాకే గాలి సంగతి. ఈ వరస తప్పితే డబ్బు దండగ.

"మన ఎండలకి బ్రేకులు వేడెక్కక ఏం చేస్తాయి" అనే మాట కూడా తరచూ వింటుంటాను. ఏప్రిల్‌లో బయట 40, డిసెంబర్‌లో 25 అనుకున్నా తేడా 15 డిగ్రీలే, డిస్కు ఉన్నది 500 దగ్గర. ఎండ ఇబ్బంది పెట్టేది ఇంజన్‌నీ, టైర్లనీ, హెల్మెట్‌లో ఉన్న మనల్నీ.

ఇప్పుడు అసలు పని. ముందు డిస్కులు గాలి దారులున్న వెంటిలేటెడ్ డిస్కులు, అంటే రెండు పలకలు, మధ్యలో రెక్కలు. అది తిరుగుతుంటే మధ్య రంధ్రం దగ్గర గాలిని లోపలికి లాక్కుని అంచుల నుంచి బయటికి నెడుతుంది, డిస్కే ఒక పంపు. కాబట్టి డక్ట్ గాలి చేరాల్సింది ఆ మధ్య నోటికి. చక్రం వైపు చూస్తూ ఒక పైపు వదిలేస్తే డిస్కు లోపలి ముఖం ఒక్కటే చల్లబడుతుంది, బయటి ముఖం వేడిగానే ఉంటుంది, రెండు పలకల మధ్య తేడా పెరిగి డిస్కు వంపు తిరుగుతుంది, పగుళ్లు వస్తాయి. అలాంటి డక్ట్ ఉండడం కన్నా లేకపోవడమే నయం.

బాలానగర్‌లో నేను పని చేయించే లేత్ షాపులో ఇదే మాట వచ్చింది. "పైపు డిస్కు మీదికి పెడ్తే గాలి తగుల్తది గదా అన్నా, ఇంత రేకు పని ఎందుకు?" అన్నాడు వెల్డింగ్ చేసే తమ్ముడు. పాత డిస్కు ఒకటి వెంట తీసుకెళ్లా కాబట్టి దాన్నే లేత్ చక్‌లో, లోపలి వైపు మనకి కనపడేలా బిగించాం. 100 కిలోమీటర్ల వేగంలో ఈ సైజు చక్రం నిమిషానికి 880 చుట్లు తిరుగుతుంది, మేం అందులో సగం వేగమే పెట్టాం. దేవుడి పటం ముందున్న అగరబత్తి తెచ్చి మొదట డిస్కు ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు, పొగ చెదిరిపోయింది అంతే. మధ్యకి జరపగానే పొగంతా సన్నటి తాడులా నిలువునా లోపలికి వెళ్లిపోయి అంచు చుట్టూ రెక్కల సందుల్లోంచి పలచగా బయటపడింది. "అరె, నడుమల నుంచి గుంజుతుంది అన్నా! అయితె మూతి గీడ్నే ఉండాలె" అని చాక్‌పీసుతో రేకు మీద తనే గుర్తు పెట్టాడు. ఆ తరువాత నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు.

పని చేయించే ముందు మీ డిస్కు ఒకసారి విప్పి చూసుకోండి. చాలా కార్లలో గాలి నోరు లోపలి వైపు, అంటే ఇంజన్ వైపు ఉంటుంది. కొన్నింటిలో బయటి వైపు, చక్రం వైపు తెరుచుకుంటుంది. అలాంటి డిస్కుకి లోపలి నుంచి ఎంత గాలి పంపినా రెక్కల్లోకి వెళ్లదు. టార్చ్ వేసి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

మేం చేసింది ఇది. డిస్కు వెనకాల ఉండే డస్ట్ షీల్డ్ రేకుని పారేయకుండా దాని బోల్టు రంధ్రాలు అలాగే ఉంచి, మధ్య నోటికి ఎదురుగా రేకు కోసి, అక్కడ నలగ్గొట్టిన పైపు ముక్కలాంటి కోలగా ఉన్న మూతిని వెల్డ్ చేశాం. రేకుకీ డిస్కుకీ మధ్య 4 మిల్లీమీటర్ల సందు వదిలాం, వేడికి డిస్కు వ్యాకోచిస్తుంది, బేరింగ్‌కి కూడా కొంచెం ఆట ఉంటుంది. రేకు మొత్తం తీసేసి వదిలేసేవాళ్లు ఉన్నారు, దానివల్ల కొంత గాలి ఆడుతుంది, నిజమే, కానీ ఆ వేడి నేరుగా బాల్ జాయింట్ రబ్బరు బూటుకి, టై రాడ్ ఎండ్‌కి కొడుతుంది. నాకు అది నచ్చదు.

పైపు విషయంలో కక్కుర్తి పడకండి. ఏసీకి వాడే అల్యూమినియం రేకు పైపు ఒక్క సెషన్‌లో చిరిగి పోతుంది. కావాల్సింది సిలికాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ హోస్, లోపల స్ప్రింగు తీగ ఉన్నది, నారింజ రంగులో ఉంటుంది, రాణిగంజ్‌లో ఇండస్ట్రియల్ హోస్‌లు అమ్మే దుకాణాల్లో వేడిగాలి పైపు అని అడిగితే చూపిస్తారు. 76 మిల్లీమీటర్ల పైపు లోపలి వైశాల్యం 63 మిల్లీమీటర్ల దానికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు, కాబట్టి చోటు ఉంటే పెద్దదే వేయండి. నా కారులో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు తగులుతుంది కాబట్టి 63తో సరిపెట్టుకున్నా. వంపులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, ఒక్క నొక్కు పడ్డా గాలి సగం చచ్చిపోతుంది. స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూడండి, కారు జాకీ మీద ఒకసారి, నేల మీద ఒకసారి. సస్పెన్షన్ కిందకీ మీదకీ ఆడినప్పుడు పైపు ఏబీఎస్ సెన్సర్ వైరుకి గానీ, డ్రైవ్ షాఫ్ట్ బూటుకి గానీ రాసుకోకూడదు. డిస్కు దగ్గర ప్లాస్టిక్ ట్యాగ్‌లు వాడొద్దు, కరిగిపోతాయి, స్టీల్ క్లిప్పులే.

గాలి తీసుకునే నోరు బంపర్ ముందు భాగంలో, గాలి నేరుగా వచ్చి గుద్దుకునే చోట ఉండాలి. మా వాళ్లు చాలామంది చేసినట్టే నేనూ ఫాగ్ ల్యాంప్ తీసి ఆ గూడు వాడుకున్నా, వంట గరాటులా కాకుండా అంచులు గుండ్రంగా తిరిగిన నోరు పెట్టించా. బంపర్ పక్కకి వంగిపోయే చోట పెడితే లాభం లేదు, అక్కడ గాలి లోపలికి రాదు, జారిపోతుంది.

ఇదంతా పనిచేస్తోందా లేదా అనేది "ఫీల్" మీద వదిలేయొద్దు. పిట్‌లోకి వచ్చాక ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి చూస్తే మెరిసే డిస్కు మీద అది తక్కువ చూపిస్తుంది, పైగా అప్పటికే డిస్కు చాలా చల్లబడి ఉంటుంది. బ్రేకుల కోసమే థర్మల్ పెయింట్ దొరుకుతుంది, మూడు రంగులు డిస్కు బయటి అంచు మీద చుక్కలుగా పెట్టుకోవాలి. ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర రంగు మారతాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద, ల్యాప్ సుమారు 3.7 కిలోమీటర్లు, డక్ట్ లేకుండా నడిపినప్పుడు ఆకుపచ్చ, నారింజ రెండూ మారిపోయాయి. డక్ట్ పెట్టాక అదే ప్యాడ్లతో నారింజ చెక్కు చెదరలేదు. పెడల్ కూడా సెషన్ చివరిదాకా ఒకే ఎత్తులో ఉంది. నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రం ఇవి పరీక్షించాలని చూడకండి, అది జనాలు తిరిగే రోడ్డు, పైగా అక్కడ ట్రాక్ వేడి రానే రాదు.

ఇంకో మాట, ముందు చక్రాలతో నడిచే కార్లలో ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ లాక్ ఉంటే, మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు లోపలి చక్రాన్ని అది బ్రేకుతోనే పట్టుకుంటుంది. మీరు పెడల్ తొక్కకపోయినా డిస్కు వేడెక్కుతోందన్నమాట. మెల్లటి మలుపుల్లో యాక్సిలరేటర్ కాస్త ఆలస్యంగా, మెత్తగా ఇస్తే ఆ వేడి తగ్గుతుంది. అలాగే భయపడి దూరం నుంచే బ్రేకు మీద కాలు ఆనించి ఉంచడం కన్నా, కొద్దిసేపు గట్టిగా కొట్టి వదిలేస్తే డిస్కుకి ఊపిరాడే టైము దొరుకుతుంది.

సెషన్ అయ్యాక ఒక ల్యాప్ మెల్లగా, బ్రేకు దాదాపు ముట్టకుండా తిరిగి రండి. పిట్‌లో హ్యాండ్ బ్రేక్ వేయకండి, గేర్‌లో పెట్టి చక్రానికి అడ్డం పెట్టండి. మండుతున్న డిస్కు మీద నీళ్లు పోయడం నేను కళ్లారా చూశాను, దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు, ఇనుము పగులుతుంది.

రోజూ ఆఫీసుకి తిరిగేటప్పుడు డక్ట్ నోళ్లకి నేను మూతలు బిగిస్తా. చల్లటి ట్రాక్ ప్యాడ్లు అసలే సరిగా పట్టవు, వానాకాలంలో మన రోడ్ల మీది బురదనీళ్లు నేరుగా డిస్కులోకి వెళ్లడం కూడా మంచిది కాదు. నాలుగు స్క్రూలు, రెండు రేకు ముక్కలు, అంతే పని.

తరువాత కోయంబత్తూరు దగ్గర కారి మోటార్ స్పీడ్‌వేకి వెళ్తున్నాం. అది 2.1 కిలోమీటర్ల చిన్న ట్రాక్, స్ట్రెయిట్‌లు పొట్టి, అంటే బ్రేకుకీ బ్రేకుకీ మధ్య టైమూ తక్కువ, డక్ట్‌లోకి వచ్చే గాలి వేగమూ తక్కువ. నారింజ చుక్క అక్కడ నిలబడుతుందో లేదో చూసి, నిలబడకపోతే చక్రం గూటి లోపలుండే ప్లాస్టిక్ లైనర్ కొంచెం కోసి 76 పైపుకి దారి చేయిస్తా. ఆ రేకు మూతికి అట్టతో కోసిన నమూనా నా దగ్గర ఉంది, బాలానగర్‌లో చేయించుకోవాలనుకునేవాళ్లు అడిగితే ఇస్తా.